ముత్తన్న అభ్యంతరం చెప్పని రోజు

ముత్తన్నకు అభ్యంతరం లేని విషయం ఈ భూమి మీద ఇంతవరకు పుట్టలేదు. ఎండ కాస్తే మంచం మీద పడుతున్నదని అభ్యంతరం. మబ్బు పడితే పసుపు ఎండదని అభ్యంతరం. పెళ్లికి పిలిస్తే ముహూర్తం మీద, పిలవకపోతే పిలవనందుకు. ఏదైనా సరే, ముందు గొంతు సవరించుకుంటాడు, భుజం మీది తువ్వాల దులుపుతాడు, కుడిచెయ్యి పైకెత్తుతాడు. "నాకొక అభ్యంతరం ఉన్నది. రాసుకోండ్రి" అంటాడు. రాసుకునేవాడు ఎదురుగా ఉన్నాడా లేడా అన్నది ఆయనకు పట్టదు. ఒకసారి నవీపేట మేకల సంతలో మేకతోనే రాసుకొమ్మన్నాడు.

సొంత పెళ్లిలో కూడా ఆయన ఊరుకోలేదు. పంతులు తాళి చేతికిచ్చి కట్టమంటే చెయ్యి పైకెత్తాడట. "సన్నాయాయన బారాత్ పాట వాయిస్తుండు. ఇప్పుడు వాయించేది గది కాదు. నాకు అభ్యంతరం ఉన్నది." పందిరి మొత్తం నోరు తెరుచుకుని చూస్తుంటే, తల వంచుకుని కూర్చున్న పెళ్లికూతురు ఈరవ్వ మెల్లగా అన్నదట: "కట్టినంక చెప్పు." భార్య ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే. ఆనాటి నుంచి ఈరవ్వకు ఆ విద్య పట్టుబడింది. అన్నం మెత్తగైందని ఆయన చెయ్యెత్తితే, "రాసుకున్న, తిను" అంటుంది. ఆయన తింటాడు.

ఆయనది గానుగపేట. బోధన్ నుంచి ఆటో ఎక్కితే, పక్కవాడు మొదలుపెట్టిన ముచ్చట పూర్తికాకముందే వచ్చేస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు ముత్తన్న చెరకు రైతు, అది మూతబడ్డాక పసుపు రైతు. చెరకు రైతుల మీటింగులే ఆయన బడి, కాలేజీ. మైకు కనబడితే ఆయన కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఇన్నేళ్లలో ముత్తన్న అభ్యంతరం ఒక్కటంటే ఒక్కటి నెగ్గలేదు. గానుగపేట ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో గ్రామసభలో బోరు సంగతి వచ్చింది. "బోరు నా ఇంటి ముందలనే వెయ్యాలె. చివరి గల్లీ ఆడోళ్లకు ఎందుకు? బిందెలు మోస్తె ఒళ్లు గట్టిపడ్తది" అన్నాడు ముత్తన్న. అప్పటిదాకా కొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్న భూమవ్వ లేచింది. "నీ ఒళ్లు గట్టిపడాల్నంటె నువ్వే మొయ్యి! ఎండకాలం గా వాగు దాక పోయి నెత్తిమీద తెస్తున్నం, నీకెర్కనా?" అని మొదలుపెట్టి చివరి గల్లీ గోసంతా చెప్పింది. బోరు చివరి గల్లీలోనే పడింది.

సాయవ్వ పింఛను దగ్గరా అంతే. మండలాఫీసు నుంచి వచ్చిన పెద్దసారు పేర్లు చదువుతుంటే ముత్తన్న చెయ్యెత్తాడు. "సాయవ్వకు పింఛనెందుకు? ఇంట్ల మస్తు బంగారమున్నదంట." ఎన్నడూ తలెత్తని సాయవ్వ సభ మధ్యలోకి నడిచివచ్చి, బోసి చెవులు, బోసి మెడ చూపించి, "ఏదిరా బంగారం, తియ్యి!" అన్నది. మొగుడు పోయిన నాటి నుంచి తాను ఎట్లా బతుకుతున్నదో చెప్పుకుంటూ పోయింది. సారు పెన్ను దించకుండా రాసుకున్నాడు. పింఛను వచ్చింది. ఇప్పటికీ పింఛను తీసుకున్న రోజు సాయవ్వ దారి మళ్లించుకుని వచ్చి ముత్తన్నను నాలుగు తిట్టి పోతుంది. ఆ రోజు ఆయన అరుగు మీద తువ్వాల పరుచుకుని ఎదురుచూస్తాడు. ఆలస్యమైతే అదొక అభ్యంతరం.

ఈ మేనమామను చూసి సిగ్గుతో చచ్చిపోయేవాడు ఒక్కడే, భానుప్రసాద్. అక్క కొడుకు. డిగ్రీ సగంలో వదిలేశాడు గాని గ్రంథాలయంలో పుస్తకం మాత్రం ఏదీ వదల్లేదు. చదివిన కొద్దీ లోకం మీద కోపం పెరిగింది. గానుగపేట మున్సిపాలిటీ అయ్యాక అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాడు. కాంట్రాక్టు ఎప్పుడు తెగుతుందో తెలియదు కాబట్టి కోపాన్ని లోపలే దాచుకుంటాడు. ప్రజాభిప్రాయం అంటే టీ, బిస్కెట్ల ఖర్చు అని అతని నమ్మకం. అందుకే ఏ సభ జరగాల్సి ఉన్నా ముందురోజే తీర్మానం టైపు చేసి పెట్టుకునేవాడు: "ఎవరూ అభ్యంతరం తెలుపనందున ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." ముత్తన్న సభకు వస్తే కూడా ఆ వాక్యం మార్చేవాడు కాదు. మామ అభ్యంతరాలను అభ్యంతరాల కింద లెక్కగట్టడం అతను ఎప్పుడో మానేశాడు.

అట్లాంటి భానుప్రసాద్ చేతికి ఒక పని వచ్చింది. పట్టణంలో పిల్లలు ఉండి చదువుకునే మదర్సాలకు స్థానిక నియమాలు తయారుచేయాలి. ముసాయిదా రాయాలి, నోటీసు అంటించాలి, ప్రజల అభ్యంతరాలు, సలహాలు వినాలి, ఆ తర్వాత ఆమోదించాలి. కొత్తగా వచ్చిన కమిషనర్ సుమన మేడమ్ ముసాయిదా తొందరగా కావాలన్నారు. భానుప్రసాద్ ఏదో నగరంలోని పెద్ద కార్పొరేట్ కాలేజీ హాస్టల్ నియమాలు సంపాదించి, "కళాశాల" అన్న చోటల్లా "మదర్సా" అని కంప్యూటర్‌తోనే మార్పించి, టీ చల్లారకముందే పని ముగించాడు. మేడమ్ సంతకం పెట్టారు. నోటీసు గోడెక్కింది. అది చదివితే, గానుగపేటలో ప్రతి మదర్సా ఈతకొలనులో వారానికోసారి నీళ్లు మార్చాలి. మదర్సా లిఫ్టులో పరిమితికి మించి ఎక్కరాదు.

గానుగపేటలో పిల్లలు ఉండి చదువుకునే మదర్సా ఒక్కటే ఉంది, అత్తార్ గల్లీలో. రెండు పెంకుల గదులు, ఒక వేపచెట్టు, ఒక నల్లా.

నోటీసును నిలబడి చివరిదాకా చదివిన మనిషి కూడా ఊరు మొత్తంలో ఒక్కడే. గోడ మీద "అభ్యంతరాలు ఆహ్వానించడమైనది" అన్న వాక్యం చూసి ముత్తన్న పెళ్లిపత్రిక అందినట్టు మురిసిపోయాడు. "అల్లుడా, పేరు పెట్టి పిలిచినట్టే ఉన్నదిరా!"

సభ ఇక రేపనగా, బుధవారం మధ్యాహ్నం భానుప్రసాద్ మామ ఇంటికి అన్నానికి వచ్చాడు. ఈరవ్వ పెద్ద డబ్బాకు మూత బిగిస్తున్నది. గిన్నెల నిండా జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, అన్నం.

"పొలానికా అత్తా?"

"పొలానికెవరు తింటరు గింత? అత్తార్ గల్లీ మదర్సా పిలగాండ్లకు. బుధవారం మన వంతు గదా."

"మన వంతేంది?"

"ఏం చదివినవురా నువ్వు! గా మదర్సాల పొయ్యి లేదు. పిల్లల అవ్వబాపులు దెగ్లూర్ దిక్కు నుంచి చెరుకు కొట్టవోతరు. ఈడ ఫ్యాక్టరీ ఉన్నప్పుడు ఈడికే వస్తుండె, ఇప్పుడు యాడ పని దొరికితె ఆడికి. ఎంబడి తీస్కపోతె పిలగాండ్లు గూడ కత్తి పట్టుడే గదా. అందుకే మదర్సా నడిపే ముఖీత్ సాబ్ దగ్గర ఉంచి పోతరు. గల్లీలోళ్లు, చుట్టుపక్కలోళ్లు ఒక్కో దినం ఒక్కో నాలుగిండ్లు డబ్బా పంపుతరు. మీ మామ నన్నడగకుండనే మన బుధవారం ఒప్పుకొని వచ్చిండు."

భానుప్రసాద్ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు. ముసాయిదాలో పదకొండో అంశం కళ్ల ముందు కనబడింది, తాను టైపు చేసిన అచ్చుతో సహా. "బయటి ఆహారమును లోపలికి అనుమతించరాదు. గుర్తింపు పొందిన వంటశాల లేని మదర్సాలో విద్యార్థుల వసతిని నిలిపివేయవలెను."

"అత్తా, రేపు సభ అయినంక గీ డబ్బా పోదు" అన్నాడు. "డబ్బాలు ఆగితె పిల్లల్ని ఇండ్లకు పంపుడే. ఇండ్లేడివి, చెరుకు తోటలకే."

చెయ్యి కడుక్కుంటున్న ముత్తన్న అక్కడి నుంచే అన్నాడు. "గోడ మీద చదివిన. నాకు అభ్యంతరం ఉన్నది."

"గదే మామా!" భానుప్రసాద్ లేచి నిలబడ్డాడు. "బతుకుల ఒక్కసారన్న పనికొచ్చే అభ్యంతరం చెప్పు. రేపు లేసి పదకొండో అంశం వద్దను. నేను తప్పు చేసిన. మేడంకు చెప్తె నా నౌకరి పోతది, చెప్పకపోతె పిల్లలు పోతరు."

ముత్తన్న తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "నేను వద్దంటె ఎవలు వింటరురా? ముత్తన్న అభ్యంతరమంటె గీ ఊర్ల కుక్క గూడ చెవి లేపది. ముఖీత్ సాబ్ మాట్లాడడా?"

"వారం నుంచి అద్దం ముందర బట్టీ పడుతుండట" అన్నది ఈరవ్వ.

"మరి గా డబ్బాలు పంపే ఆడోళ్లు?"

"వస్తరట. వెనుక కూసుంటరట. మాట్లాడరు. నలుగుట్ల మాట్లాడితె బాగుండదని" అన్నది మళ్లీ ఈరవ్వే.

"అట్లనా" అన్నాడు ముత్తన్న. పప్పులో ఉప్పు తక్కువైందన్న అభ్యంతరం కూడా మరిచిపోయి చిలక్కొయ్యకున్న చొక్కా తీసుకుని బయటికి పోయాడు. ఈరవ్వ గిన్నె మూత తీసి పప్పు వాసన చూసింది. "ఏమైంది గీనకు? పానం బాగలేదా?"

మర్నాడు మున్సిపాలిటీ హాలు నిండింది. ముందు వరుసలో వార్డు పెద్దలు, మధ్యలో బిస్కెట్ల కోసం వచ్చినవాళ్లు, చివర గోడ వెంట బురఖాల్లో అత్తార్ గల్లీ ఆడవాళ్లు, వాళ్ల పక్కన భూమవ్వ. సుమన మేడమ్ మైకు ముందు కూర్చున్నారు. పక్కన కంప్యూటర్ దగ్గర భానుప్రసాద్. తెర మీద నిన్ననే టైపు చేసిన వాక్యం మెరుస్తున్నది.

"ముందుగా మదర్సా నిర్వాహకులు మాట్లాడతారు" అన్నారు మేడమ్.

హాఫిజ్ ముఖీత్ సాబ్ లేచారు. పిల్లల మీద తప్ప ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. పిల్లల మీద పెంచినా వాళ్లు నవ్వుతారు. మైకు దాకా వచ్చారు, జేబులో కాగితం తడిమారు, మేడమ్ ముఖం చూశారు. మేడమ్ మర్యాదగా నమస్కారం పెట్టారు. అంతే, వారం రోజుల బట్టీ ఆ నమస్కారం ముందు కరిగిపోయింది. పెద్ద హోదాలో ఉన్న ఆడమనిషి ఎదురుగా నిలబడి కాదనడం ఆయన నేర్చుకున్న అదబులో, మర్యాదలో లేదు.

"జీ మేడమ్... బహుత్ మెహర్బానీ. మీరు ఏది మునాసిబ్ అనుకుంటె గదే మాకు ఖుషీ" అని సలాం చేసి కూర్చున్నారు. కూర్చున్నాక గాని తానేం చేశారో ఆయనకు తెలియలేదు. తెలిసి, టోపీ సర్దుకుంటూ నేల చూశారు. వెనుక బురఖాల్లో గుసగుసలు లేచి అణిగిపోయాయి.

"ఇంకెవరికైనా అభ్యంతరాలున్నాయా?"

"నాకొక అభ్యంతరం ఉన్నది. రాసుకోండ్రి!"

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. బిస్కెట్లవాళ్లు ఇంకో టీ చెప్పారు.

"రెండో అంశం" అన్నాడు ముత్తన్న. "మదర్సా ఈతకొలను. వారానికోసారి నీళ్లు మారుస్తె ఆ నీళ్లు యాడ పోస్తరు? మా పొలానికి ఇడుస్తరా?"

మేడమ్ ముసాయిదా తిప్పి చూశారు. "ఈతకొలనా? మదర్సాలో ఈతకొలను ఉందా?"

"మీరే రాసిండ్రు గదమ్మా. నేను గల్లీ అంత దేవులాడిన. ఒక నల్లా దొరికింది. ఆరో అంశం, లిఫ్టు. పెంకుటింట్ల లిఫ్టు ఎక్కితె మనిషి యాడ తేలుతడు?"

హాలు గొల్లుమంది. భానుప్రసాద్ కుర్చీలోకి జారిపోయాడు. మేడమ్ అతనికేసి ఒక చూపు చూశారు. ఆ చూపులో అతనికి తన కాంట్రాక్టు ఆఖరి పేజీ కనబడింది. అయినా దానికంటే పెద్ద బాధ మామ మీద. పదకొండో అంశం వదిలేసి ఈతకొలనులో మునకలేస్తున్నాడేమిటి? సైగ చేశాడు, రెండు చూపుడువేళ్లు పక్కపక్కన పెట్టి పదకొండు చూపించాడు. ముత్తన్న అటు చూడనే లేదు.

"ఈ రెండూ తీసేస్తాం" అన్నారు మేడమ్. "మిగతా వాటి మీద అభ్యంతరాలు లేకపోతే..."

"పదకొండో అంశం" అన్నాడు ముత్తన్న.

భానుప్రసాద్ కీబోర్డు మీద వేళ్లు పెట్టాడు.

"దీని మీద నాకు అభ్యంతరం లేదు."

టీ గ్లాసులు గాలిలో ఆగాయి. ముత్తన్న పెళ్లినాడు పందిట్లో ఉన్న ముసలాయన ఒకడు పక్కవాణ్ని అడిగాడు. "ఏమన్నడు?"

"లేదన్నడు."

"ముత్తన్ననా?"

"ముత్తన్ననే."

"లేదంటె లేదు" అన్నాడు ముత్తన్న, తువ్వాల దులిపి. "బయటి అన్నం బందు పెట్టుడే మంచిది. గా ఇండ్ల వంట పిల్లలు తినే తీరుగుంటదా? ఖుర్షీద్ బీ ఖట్టీ దాల్ చూసిన్రా? నీళ్లు! ముఖం కడుక్కోవచ్చు. గదొక పప్పా?"

గోడ దగ్గర ఒక కుర్చీ కిర్రుమంది. ఖుర్షీద్ బీ అత్తార్ గల్లీ చుట్టూ మూడు వీధుల దాకా ఖట్టీ దాల్‌కు పేరున్న మనిషి. పెళ్లిళ్లకు కూడా ఆమె దాల్ తాలింపు వేశాకే పందిట్లో గిన్నెలు కదులుతాయి. అట్లాంటి మనిషి, నలుగురిలో మాట్లాడితే బాగుండదనుకున్న మనిషి, నడిచి కాదు, దూసుకుని మైకు దగ్గరికి వచ్చింది.

"ఏమన్నవ్ ముత్తన్న భాయ్? నా దాల్ల నీళ్లా? మేడమ్, ఈ పెద్దమనిషి ఝూట్ చెప్తుండు! రాత్రి నానవెడ్త, పొద్దుగాల చింతపండు తీస్త. ఆ పిల్లలల్ల యూసుఫ్ అని ఒకడున్నడు, కారం పడదు వానికి. వానిది ముందే అలగ్ పక్కకు తీసినంకనే మిర్చి ఏస్త. పానం బాగలేనోనికి గంజి అలగ్. నీళ్లంట! వచ్చినప్పుడు వాడు బక్కగుండె, గా నీళ్లు తాగినంకనే బుగ్గలొచ్చినయ్!"

"కారం పడదని మీకెట్లా తెలుసమ్మా?" అని మేడమ్ అడిగారు.

"మా ఇంటి అన్నం తింటడు గద మేడమ్. వాళ్లమ్మ చెరుకు తోటల కాడికి పోతు నా చెయ్యి పట్టి చెప్పిపోయింది. 'కారం ఏడిపిస్తది వాణ్ని' అని."

"అయినా గా రొట్టెలు..." ముత్తన్న అందుకున్నాడు. "భూమవ్వ రొట్టె విసిరితె కుక్క సచ్చిపోతది."

"ఏయ్! నీ పండ్లు ఊడినయ్, నా రొట్టెకేమైంది?" భూమవ్వ కూడా వచ్చేసింది. "మేడమ్, ఆ పిలగాండ్లది మరాఠీ దిక్కు. భాకరి రొట్టె లేకపోతె ముద్ద దిగదు. అందుకే వాళ్ల తీరుగ ఒత్తుడు నేర్చుకున్న!"

ముత్తన్న ఒక్కొక్కరిని పేరు పెట్టి, కూర పెట్టి తిట్టాడు. ఒకరి బగారా అన్నం మీద, ఇంకొకరి వంకాయ మీద. తిట్టించుకున్న ప్రతి ఆడమనిషి మైకు దగ్గరికి వచ్చింది. ఏ డబ్బా ఎవరు తోముతారో, ముఖీత్ సాబ్ ప్రతి గిన్నె ముందు తాను రుచి చూసిన తర్వాతే పిల్లలకు ఎట్లా పెడతారో, ఏ పిల్లవాడు పండుగనాడు ఎవరింట్లో పడుకుంటాడో, అన్నీ బయటికి వచ్చాయి. అందరూ ఒకేసారి అరిచేసరికి మైకు కీచుమని తన అభ్యంతరం తాను తెలిపింది. మేడమ్ మైకు పక్కకు పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, "ఒక్కొక్కరు చెప్పండి" అన్నారు. తర్వాత పక్కకు తిరిగి, "రాసుకుంటున్నారా?" అన్నారు.

భానుప్రసాద్ తెర మీది "ఎవరూ అభ్యంతరం తెలుపనందున" అన్న వాక్యాన్ని చెరిపేశాడు. అంత ఇష్టంగా అతను ఏ వాక్యాన్నీ చెరపలేదు.

పదకొండో అంశం మారిపోయింది. వంటశాల షరతు పోయింది. ఇండ్ల నుంచి వచ్చే అన్నం పెట్టవచ్చు. ముందు మదర్సా పెద్ద రుచి చూడాలి. అన్నం పంపే ఇండ్ల ఆడవాళ్లతో ఒక భోజన కమిటీ ఉండాలి. కమిటీ పెద్దగా ఖుర్షీద్ బీ పేరు హాలంతా చెప్పింది. ముత్తన్న మాత్రం చెయ్యెత్తాడు. "నాకు అభ్యంతరం ఉన్నది. పప్పు నీళ్లు." అలవాటు ప్రకారం అదీ వీగిపోయింది. ఈతకొలను సంగతి మేడమ్ భానుప్రసాద్‌ను గదిలోకి పిలిచి అడిగారు. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇకముందు రాసేముందు వెళ్లి చూసి రండి" అన్నారామె. మరుసటి రోజు నుంచి అతను నోటీసు రాసే ముందు గల్లీలు తిరగడం మొదలుపెట్టాడు. కాంట్రాక్టు మాత్రం ఎప్పుడు తెగుతుందో ఇప్పటికీ తెలియదు.

సభ అయ్యాక మామా అల్లుళ్లు నడిచి వస్తున్నారు.

"మామా, నిజం చెప్పు. నువ్వు ఎన్నడన్న ఒక్కటి గెలిచినవా?"

"గెలిస్తె ఏమొస్తదిరా? నా ఒక్కని మాటైతది."

భానుప్రసాద్ ఆగిపోయాడు. చివరి గల్లీ బోరు గుర్తొచ్చింది. సాయవ్వ బోసి చెవులు గుర్తొచ్చాయి.

"అంటె సాయవ్వ బంగారం..."

"నడువు, ఎండ కొడుతున్నది." ముత్తన్న తువ్వాల నెత్తిన వేసుకున్నాడు. కొంతదూరం పోయాక తనే అన్నాడు. "నోరు తెర్వనోళ్లను బతిమిలాడితె తెరుస్తరా? పప్పును తిట్టాలె."

మరుసటి బుధవారం మధ్యాహ్నం ఖుర్షీద్ బీ స్వయంగా గిన్నె పట్టుకుని ముత్తన్న గుమ్మంలోకి వచ్చింది. "తిని చెప్పు భాయ్, అందరి ముందర" అని గిన్నె ఆయన ముందు పెట్టి, గడపలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఈరవ్వ గరిటె వేసింది. గరిటె నిలబడ్డది. గాలికి కూడా వంగలేదు.

ముత్తన్న అన్నంలో కలుపుకున్నాడు. తిన్నాడు. మళ్లీ వేసుకున్నాడు. గిన్నె వంచి, అడుగున మిగిలింది వేలితో తీసుకుని నాకాడు. తాలింపులోని ఎండుమిర్చిని కూడా వదల్లేదు. భానుప్రసాద్ ఈసారైనా మామ నోట మంచిమాట వస్తుందని చూస్తున్నాడు.

ముత్తన్న గొంతు సవరించుకుని కుడిచెయ్యి ఎత్తాడు.

"నాకొక అభ్యంతరం ఉన్నది. రాసుకోండ్రి. ఇంకా నీళ్లే."

"యా అల్లా!" ఖుర్షీద్ బీ ఖాళీ గిన్నె లాక్కున్నది. "వచ్చే బుధవారం చూడు నీ సంగతి! గిన్నె కొరుక్కోవాలె నువ్వు!" అంటూ విసవిసా పోయింది.

ఆమె గల్లీ మలుపు తిరిగిందాకా ఆగి, ఈరవ్వ మొగుణ్ని ఎగాదిగా చూసింది. "గీ లెక్కన బుధవారం బుధవారం దాల్ వస్తనే ఉంటది గదా?"

"రాసుకో" అన్నాడు ముత్తన్న, వేలు నాకుతూ.